ఎన్నారై సందేహాలు: దీవి మీదికి హరికేన్ వస్తోందంటే

మైపాడు, రామాయపట్నం, కొత్తపట్నం వైపు నుంచి కరీబియన్ దీవులకు కొత్తగా వచ్చే మెడిసిన్ పిల్లలు, నర్సులు, టీచర్లు దాదాపు అందరూ ఒకే మాట అంటారు: "తుపాను మాకు కొత్తేం కాదులే అన్నా." నిజమే, కొత్త కాదు. కాని ఆ అలవాటే ఇక్కడ తప్పుదారి పట్టిస్తుంది. మన దగ్గర తుపాను వస్తుందంటే పడమరకు పోతాం. ఆత్మకూరులోనో కనిగిరిలోనో ఎవరో ఒకరు ఉంటారు. తీరం దాటాక గాలి నేల మీద బలం కోల్పోతుంది. రెండు మూడు రోజులకు హైవే మీద చెన్నై నుంచో విజయవాడ నుంచో పాలు, కూరగాయలు, కరెంటు స్తంభాలు వస్తాయి.

దీవికి పడమర దిక్కున మళ్లీ సముద్రమే. చిన్న దీవిని దాటేటప్పుడు తుపాను బలం తగ్గదు, ముందు సగం ఎంత కొడుతుందో వెనక సగమూ అంతే కొడుతుంది. బియ్యం, డీజిలు, మందులు అన్నీ ఓడలోనే రావాలి. రేవు, విమానాశ్రయం గాలి రాకముందే మూసేస్తారు, శిథిలాలు తీశాకగాని తెరవరు. 2017లో మరియా తుపాను తర్వాత ప్యూర్టో రికోలో కొన్ని ఊళ్లకు కరెంటు రావడానికి దాదాపు ఏడాది పట్టింది. అందుకని సరుకుల లెక్క మూడు రోజులకు కాదు, రెండు వారాలకు వేసుకోండి.

ఇంకో పొరపాటు నంబర్ల దగ్గర జరుగుతుంది. కృష్ణపట్నం రేవులో ఒకటో నంబరు హెచ్చరిక ఎగరేశారంటే మనం పెద్దగా పట్టించుకోం. ఆ లెక్కనే "కేటగిరీ 1" అన్నా తేలిగ్గా తీసుకుంటారు. అది రేవు హెచ్చరిక కాదు, హరికేన్ (ఇక్కడి పెద్ద తుపాను) గాలి వేగాన్ని బట్టి 1 నుంచి 5 వరకు ఇచ్చే నంబరు. కేటగిరీ 1 అంటేనే గంటకు 119 కిలోమీటర్ల పైన. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిగ్‌జాం గాలి 90 నుంచి 100 కిలోమీటర్లు. అంటే ఇక్కడి అన్నిటికన్నా చిన్న హరికేన్ కూడా మిగ్‌జాం కంటే గట్టిది. 178 దాటితే కేటగిరీ 3, 209 దాటితే 4, 252 దాటితే 5. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను గురించి ఇంట్లో పెద్దవాళ్లు చెబుతారే, ఆ కోవకు చెందినవి ఈ చివరి రెండూ. పైగా కేటగిరీ గాలిని మాత్రమే చెబుతుంది. ఉప్పెన ఎంత లేస్తుందో, వాన ఎంత కురుస్తుందో అందులో ఉండదు. మెల్లగా కదిలే కేటగిరీ 1 కొండ దీవుల్లో చరియలు విరిగి పడేంత వాన కురిపించగలదు.

ఇక్కడి సీజను జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు. ఉధృతంగా ఉండేది ఆగస్టు మధ్య నుంచి అక్టోబరు దాకా. ఆగస్టు, సెప్టెంబరుల్లో మొదలయ్యే కోర్సులకు వచ్చే పిల్లలు దిగేదే ఆ రోజుల్లో, దుకాణం ఎక్కడుందో ఇంకా తెలియని వారంలో. అలాగని ముందు నెలలు క్షేమమనీ కాదు. 2024లో బెరిల్ హరికేన్ జూలై 1నే కారియాకూ దీవిని కొట్టింది. కాబట్టి దిగిన మొదటి వారంలోనే నీళ్లు, అటుకులు, టార్చి కొనేయండి. హెచ్చరిక వచ్చాక కొందామంటే అరలు ఖాళీగా ఉంటాయి.

మయామీలోని నేషనల్ హరికేన్ సెంటర్ బులెటిన్లు తూర్పు కరీబియన్ సమయం ప్రకారం 5 గంటలకు, 11 గంటలకు, పగలూ రాత్రీ వస్తాయి. మీ దీవికి హెచ్చరిక ఉంటే మూడు గంటలకోసారి ఇస్తారు. "వాచ్" అంటే హరికేన్ రావచ్చని 48 గంటల ముందు చెప్పేది, "వార్నింగ్" అంటే వస్తుందని 36 గంటల ముందు చెప్పేది. ఈ గంటలు తుపాను కేంద్రం వచ్చే సమయానికి లెక్కేసినవి కావు, గంటకు 63 కిలోమీటర్ల గాలి మొదలయ్యే వేళకు లెక్కేసినవి. ఆ గాలి మొదలయ్యాక నిచ్చెన ఎక్కడం ప్రాణాపాయం. అందుకే బయటి పనులన్నీ వాచ్ వచ్చిన రోజే మొదలుపెట్టాలి. తుపాను దారి చూపే పటంలో తెల్లగా, గరాటు ఆకారంలో కనిపించే కోన్ తుపాను వెడల్పు కాదు. కేంద్రం మూడింట రెండు వంతుల సార్లు అందులో ఉంటుందని మాత్రమే దాని అర్థం. కోన్ అంచుకు బయట ఉన్నామని పని ఆపకండి.

కేంద్రం మీ దీవికి దక్షిణంగా పోతుందంటే "తప్పిపోయింది" అనుకోవద్దు. మన దగ్గర నెల్లూరు వద్ద తీరం దాటితే ఉప్పెన ఒంగోలు వైపే ఎక్కువగా లేస్తుంది కదా. ఇక్కడా అంతే. పడమరకు కదిలే తుపానుకు కుడి పక్క, అంటే ఉత్తరం, గట్టిగా దెబ్బతింటుంది.

నీళ్లతో మొదలుపెడదాం. తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 4 లీటర్లు. నలుగురికి రెండు వారాలకు 224 లీటర్లు. కడుక్కోవడానికి, లెట్రిన్‌కు కావలసినవి వేరే. పైన ప్లాస్టిక్ ట్యాంకు ఉంటే నిండా నింపండి, ఖాళీ ట్యాంకు గాలికి లేచిపోతుంది. నింపాక కిందికి వచ్చే పైపు వాల్వు కట్టేయాలి. లేకపోతే ఎక్కడో ఒక పైపు విరిగి రాత్రికి రాత్రే నీళ్లన్నీ కారిపోతాయి. కప్పు మీది వాన నీళ్లు తొట్టిలోకి చేరే ఇల్లయితే ఆ గొట్టాన్ని ముందే తొట్టి నుంచి తప్పించండి. ఉప్పునీటి తుంపర, ఆకులు, పక్షి రెట్టలు అందులో పడితే ఉన్న మంచినీళ్లూ పోతాయి. అనుమానం ఉన్న నీళ్లను ఒక్క నిమిషం తెర్ల కాగనివ్వండి. గ్యాస్ లేకపోతే వాసన కలపని మామూలు బ్లీచు, 6 శాతంది, లీటరుకు రెండు చుక్కలు వేసి అరగంట ఆగాలి. మడ్డిగా ఉంటే ముందు గుడ్డతో వడగట్టి నాలుగు చుక్కలు వేయండి.

తిండిలో మనవాళ్లు చేసే తప్పు 20 కిలోల బియ్యం తెచ్చి నిశ్చింతగా ఉండటం. బియ్యం కడగడానికి నీళ్లు, వండడానికి నీళ్లు, పైన గ్యాస్, ఆపైన గిన్నె తోమడానికి మళ్లీ నీళ్లు. ఒకరికి రెండు వారాలకు 2 కిలోల అటుకులు, కిలో పుట్నాలపప్పు, కిలో వేరుశెనగ పప్పు, అరకిలో బెల్లం, పది పన్నెండు డబ్బాల ఉడికించిన శెనగలో బీన్సో ఉంటే పొయ్యి వెలిగించకుండానే బతకొచ్చు. డబ్బాలకు ఓపెనర్ మరిచిపోవద్దు, కరెంటుది కాదు, చేత్తో తిప్పేది. అటుకులు చిన్న దీవుల్లో అన్ని చోట్లా దొరకవు, ఇంటి నుంచి వచ్చేటప్పుడే సూట్‌కేసులో పెట్టుకోండి. ఆవకాయ, గోంగూర తెచ్చుకున్నారు సరే, ఆ రోజుల్లో తక్కువ తినండి. ఉప్పు దాహం పెంచుతుంది, నీళ్లు లెక్కలో ఉంటాయి. ఫ్రీజరు నిండుగా ఉండి తలుపు తెరవకపోతే 48 గంటలు చల్లగా ఉంటుంది, సగం ఉంటే 24, కింది ఫ్రిజ్ 4 గంటలే. ఫ్రీజర్లో ఖాళీ చోట నీళ్ల సీసాలు గడ్డకట్టించి పెట్టండి. కరిగాక తాగడానికీ పనికొస్తాయి.

ఇన్సులిన్ వాడేవాళ్లు కంగారు పడనక్కర్లేదు. చాలా రకాలు 30 డిగ్రీల లోపు వేడిలో నాలుగు వారాలు నిలుస్తాయి, మీ రకానికి ఎంతో దాని కాగితంలో చూసుకోండి. తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో, తడి తగలకుండా డబ్బాలో పెట్టి, నీడన ఉంచితే చాలు. ఐసు మీద నేరుగా పెట్టొద్దు, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

ఇప్పుడు కిటికీలు. గాజు మీద టేపు అంటించడం వల్ల ఏ ఉపయోగమూ లేదు, పగిలినప్పుడు పెద్ద పెద్ద ముక్కలుగా ఎగిరి ఇంకా ప్రమాదం. గాలి పీడనం సమం కావడానికి ఒక కిటికీ తెరిచి పెట్టాలన్న మాటా తప్పే. ఒక్క కిటికీ పగిలి గాలి లోపల దూరిందంటే అది లోపలి నుంచి కప్పును పైకి నెడుతుంది, బయటి గాలి పై నుంచి లాగుతుంది. రేకులు, చెక్క కప్పులు లేచిపోయేది చాలా వరకు ఇలాగే. కనీసం 16 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ను కిటికీ కంటే నాలుగు పక్కలా 4 అంగుళాలు ఎక్కువగా కోసి, అడుగుకు ఒక బోల్టు చొప్పున బిగించాలి. సిమెంటు గోడకు మేకులు నిలవవు, యాంకర్ ఫాస్టెనర్లు (గోడలో రంధ్రం చేసి బిగించే బోల్టులు) ముందే దించి పెట్టుకోవాలి. అద్దె ఇంట్లో ఇనుప షట్టర్లు ఉంటాయి, వాటి నట్లు మాత్రం కనిపించవు. జూన్‌లోనే ఒకసారి బిగించి చూసి, ఏ పలక ఏ కిటికీదో మార్కరుతో రాసిపెట్టండి.

ఇంట్లో ఉండాలా, వెళ్లిపోవాలా అన్నది ఉప్పెనను బట్టి తేల్చుకోండి. సముద్రానికి దగ్గరగా పల్లంలో ఉంటే ఇల్లు ఎంత గట్టి మిద్దె అయినా ఖాళీ చేయాల్సిందే. ఎత్తున, కాంక్రీటు కప్పు కింద ఉంటే ఆగొచ్చు. సెయింట్ కిట్స్, నెవిస్ లాంటి చోట్ల కొండ మీది నుంచి దిగే ఎండిపోయిన వాగులను "గట్" అంటారు. అందులో కారు పెట్టొద్దు, దాని గట్టున పడుకోవద్దు. ఏ గట్ ఎంత పొంగుతుందో పక్కింటి ముసలావిడకు తెలిసినంతగా ఏ పటానికీ తెలియదు. వెళ్లి అడగండి. మనవాళ్లు మనవాళ్లతోనే ఉండిపోవడం మామూలు రోజుల్లో చెల్లుతుందేమో గాని ఇప్పుడు చెల్లదు. దీవి విపత్తు కార్యాలయం ఏ బడిని, ఏ చర్చి హాలును శిబిరంగా తెరుస్తుందో ముందే కనుక్కోండి. గ్రెనడాలో ఆ కార్యాలయాన్ని నాడ్మా అంటారు.

దీవిలో ఉన్న మనవాళ్లు పదిహేను ఇరవై మంది వివరాలు ఒక కాగితం మీద రాయండి, ఫోన్లో కాదు. పేరు, గది, రక్తం గ్రూపు, రోజూ వేసుకునే మందు, ఊళ్లో ఇంటి నంబరు. గర్భిణులు ఎవరు, కారు ఎవరికుంది, కాంక్రీటు కప్పు ఎవరిది. ఇద్దరిద్దరిని జత కట్టి, గాలి తగ్గాక ఎవరు ఎవరిని చూడాలో అప్పుడే తేల్చేయండి. ఆ కాగితం నాలుగు కాపీలు నాలుగు ఇళ్లలో ఉండాలి. పాస్‌పోర్టు, వీసా, అడ్మిషన్ కాగితాలు నీళ్లు చొరబడని సంచిలో పెట్టి ఒంటి మీదే ఉంచుకోండి. 2017లో ఇర్మా హరికేన్ తర్వాత బార్బుడా దీవి జనాన్ని మొత్తం ఆంటిగ్వాకు తరలించారు, అలాంటప్పుడు ఇంట్లో కాగితాలు వెతుక్కునే వ్యవధి ఉండదు. కరెంటు లేకపోతే కార్డు పనిచేయదు, చిన్న నోట్లు దాచుకోండి.

గాలి మధ్యలో ఒక్కసారిగా ఆగి ఆకాశం తెరిపి ఇస్తే అది తుపాను కన్ను. కొన్ని నిమిషాలు ఉండొచ్చు, గంట ఉండొచ్చు. బయటికి రావద్దు. తర్వాత గాలి ఎదురు దిక్కు నుంచి వస్తుంది, అప్పటిదాకా చాటుగా ఉన్న గోడ ఇప్పుడు దెబ్బ తింటుంది. ఆ వ్యవధిలో చేయాల్సింది ఒక్కటే, ఇంటి అవతలి పక్క గదిలోకి మారడం.

తుపాను పోయాక ప్రాణాలు తీసేవాటిలో జనరేటరు ఒకటి. ఇంటికి కనీసం 6 మీటర్ల దూరంలో, కిటికీలకు ఎడంగా, ఆరుబయటే నడపాలి. వసారాలో కూడా వద్దు, ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు. గోడ సాకెట్లో గుచ్చి ఇంటికంతా కరెంటు ఇవ్వాలని చూడొద్దు, వీధిలో తీగ పట్టుకున్న లైన్‌మన్ చనిపోతాడు. మన ఊరి 230 వోల్టుల ఇన్వర్టరు గ్రెనడాలో పనిచేస్తుంది, ప్యూర్టో రికోలో 120 వోల్టులు కాబట్టి పనిచేయదు. నిలిచిన నీళ్లలో వట్టికాళ్లతో నడవొద్దు, ఎలుక జ్వరం వస్తుంది. వారం తిరిగేసరికి దోమలు, వాటితో డెంగీ.

ఇంటికి చెప్పాల్సింది గాలి రాకముందే చెప్పేయండి. "నాలుగైదు రోజులు ఫోన్ కలవదు, కలవకపోతే టవర్ పడిపోయిందని అర్థం, నాకేదో అయిందని కాదు" అని అమ్మకు విడమరిచి చెప్పండి. ఊళ్లో ఒక్కరినే పెట్టుకుని వాళ్ల ద్వారానే అందరికీ కబురు పంపండి. కాల్ పోని చోట కూడా మెసేజి పోవచ్చు. తూర్పు కరీబియన్ కంటే మనది తొమ్మిదిన్నర గంటలు ముందు, ఇక్కడ రాత్రి 8 అయితే అక్కడ మర్నాడు తెల్లవారి 5:30. అమ్మ లేచి ఉండే వేళే.