పాఠకుల ప్రశ్నలు: ప్రేమ్‌జీ సంపద బడికి ఏ దారిన చేరుతోంది?

ప్రశ్న: అజీమ్ ప్రేమ్‌జీ కంప్యూటర్ల వ్యాపారంలో వేల కోట్లు గడించారు. అలాంటివారు చదువు కోసం డబ్బు ఇస్తే ప్రభుత్వ బడులకు ముందుగా కంప్యూటర్లు రావాలి కదా. మా జిల్లాను ఆనుకుని కర్ణాటకలో ఉన్న యాద్గిర్ వైపు మాత్రం ఆయన సంస్థవారు ఉపాధ్యాయులను కూర్చోబెట్టి మాట్లాడుతుంటారని విన్నాను. ఇందులో మతలబు ఏమిటి?
– ఒక ఉపాధ్యాయుడు, నారాయణపేట జిల్లా

జవాబు: మతలబు ఏమీ లేదు. మీరు ఊహించిన దారినే ఆ సంస్థ మొదట పట్టింది, కొన్నేళ్లు నడిచి చూసి వెనక్కి తిరిగింది. 2000-01 ప్రాంతంలో అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ పని మొదలుపెట్టినప్పుడు, పిల్లలు బొమ్మలు చూస్తూ ఆడుతూ లెక్కలూ భాషా నేర్చుకుంటారన్న నమ్మకంతో, పాఠ్యాంశాలను సీడీలుగా తయారుచేయించి అనేక భారతీయ భాషల్లో, అనేక రాష్ట్రాల ప్రభుత్వ పాఠశాలలకు అందించింది. కంప్యూటర్ పెట్టిన కొత్తలో పిల్లలు ఉత్సాహంగా బడికి వచ్చినా, అది చదువుగా మారాలంటే పక్కన నిలబడి చెప్పే ఉపాధ్యాయుడే కావాలని వారికి అనుభవం మీద తెలిసివచ్చింది. ఆ సంస్థ బాధ్యుడు అనురాగ్ బెహర్ 2010లో ఒక ఆంగ్ల దినపత్రికలో ఈ పరిమితులను దాపరికం లేకుండా రాశారు. సాఫ్ట్‌వేర్ సంపదతో నిలబడిన సంస్థే, బడికి సాఫ్ట్‌వేర్ మందు కాదని బయటికి చెప్పడం నాకు ఆ విరాళం మొత్తం కంటే పెద్ద విషయంగా కనిపిస్తుంది.

ఇలాంటి ఒప్పుకోలు మన దగ్గర ఎంత అరుదో చెప్పడానికి ఒక ముచ్చట. కొన్నేళ్ల క్రితం ఒక ఉన్నత పాఠశాలకు వెళ్లినప్పుడు కంప్యూటర్ గది చూపించమని అడిగితే, తాళంచెవి కోసం అరగంట వెతికారు. లోపల పది యంత్రాలూ పాత చీరల కింద భద్రంగా ఉన్నాయి, వాటి పెట్టెలు సైతం పారేయకుండా గోడవార పేర్చి ఉంచారు. ఎవరైనా లెక్క అడిగితే అప్పగించాలి కదా అన్నారు.

ఇక మీరు విన్న సమావేశాల సంగతి. 2002 తరువాత ఆ సంస్థ ఈశాన్య కర్ణాటకలో, అంటే ఒకప్పుడు తెలంగాణతోపాటు నిజాం ఏలుబడిలో ఉన్న జిల్లాల్లో, పిల్లల నమోదు, హాజరు, అభ్యసన స్థాయి అనే మూడింటినీ కొలిచి, ఆ కొలతకు నిలిచిన బడులకు బహుమతులిచ్చే కార్యక్రమం ఒకటి నడిపింది. కొలిచినందువల్ల లోపం ఎక్కడుందో తెలుస్తుందిగానీ, దాన్ని సరిచేసే పని మళ్లీ ఉపాధ్యాయుడి దగ్గరికే వస్తుంది. అందుకే తరువాతి కాలంలో జిల్లాల్లోనే స్థిరంగా మనుషులను ఉంచి, బడి వేళల తరువాతో సెలవురోజుల్లోనో ఉపాధ్యాయులు తమంతట తాము వచ్చి కూర్చునే వేదికలనూ అభ్యసన కేంద్రాలనూ ఏర్పాటు చేశారు.

అక్కడ ఏం మాట్లాడుకుంటారన్నది ఒక ఉదాహరణతో చెబితే మీకు వెంటనే అందుతుంది. 52లోంచి 27 తీసివేయమంటే మూడో తరగతి పిల్ల 35 అని రాస్తుంది. మనం ఎర్ర సిరాతో కొట్టివేసి, పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోలేదని చెబుతాం. కాని ఆ పిల్ల అజాగ్రత్తగా రాయలేదు, పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసివేయాలన్న సూత్రాన్ని రెండు స్థానాల్లోనూ నిష్ఠగా పాటించింది. ఆ సూత్రం ఆమెకు ఎక్కడ అబ్బింది, పుల్లల కట్టలతో చూపిస్తే ఎక్కడ విడిపోతుంది అన్న చర్చకు ఒక సాయంత్రం పడుతుంది. ఇది లక్ష బడుల్లో ఒక్క మీట నొక్కితే జరిగే పని కాదు కనుకనే అంత డబ్బున్న సంస్థ కూడా ఇంత నెమ్మదిగా కదులుతోంది. ఈ పనికి తగిన మనుషులను తయారుచేసుకోవడానికే, 2010లో కర్ణాటక శాసనసభ చేసిన చట్టంతో బెంగళూరులో అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం ఏర్పడింది.

ప్రశ్న: 2019లో ఆయన మొత్తం విరాళం 1,45,000 కోట్ల రూపాయలని పత్రికలు రాశాయి. అంత రొక్కం ఎవరైనా ఒక్కసారి తీసి ఇవ్వగలరా? ఇదంతా పన్ను తప్పించుకునే ఎత్తు కాదా?
– ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, విజయవాడ

జవాబు: రొక్కం కాదు, వాటాలు. ఆయన కంపెనీ విప్రో పుట్టింది కంప్యూటర్లతో కాదు. ప్రేమ్‌జీ తండ్రి 1945లో మహారాష్ట్రలోని అమల్నేర్‌లో పెట్టిన వనస్పతి కర్మాగారం అది. 1966లో తండ్రి హఠాత్తుగా పోవడంతో, స్టాన్‌ఫర్డ్‌లో ఇంజనీరింగ్ చదువుతున్న 21 ఏళ్ల కొడుకు చదువు మధ్యలో వదిలి వచ్చి నూనెలు, సబ్బుల లెక్కలు చేతిలోకి తీసుకున్నారు. 1970ల చివర ఐబీఎం మన దేశం వదిలివెళ్లినప్పుడు ఏర్పడిన ఖాళీలో ఆ కంపెనీ కంప్యూటర్ల తయారీకి, అక్కడి నుంచి సాఫ్ట్‌వేర్ సేవలకు మళ్లింది.

ఆయన చేసింది ఆ కంపెనీలో తన వాటాలను, వాటి మీద వచ్చే ఆదాయాన్ని దాతృత్వ సంస్థలకు తిరిగి తీసుకోలేని విధంగా రాసివ్వడం. 2010 డిసెంబరులో సుమారు 8,846 కోట్ల విలువైన వాటాలు, 2013లో మరో 12 శాతం, 2019 మార్చిలో ఇంకో 34 శాతం అలా వెళ్లాయి. దాంతో విప్రో ఆర్థిక యాజమాన్యంలో, అంటే వాటాల ఆదాయంపై హక్కులో, 67 శాతం ఆ దాతృత్వ నిధికి చేరింది. మీరు చెప్పిన అంకె ఆనాటి విలువ. షేరు ధర పెరిగితే అది పెరుగుతుంది, పడితే తరుగుతుంది. ఏటా ఖర్చుకు ప్రధానంగా అందేది డివిడెండ్లు, కంపెనీ వాటాలను తిరిగి కొన్నప్పుడు వచ్చే సొమ్ము. బ్యాంకులో పనిచేసిన మీకు అసలు కదపకుండా వడ్డీతో నడిపే సంసారం గురించి నేను వేరే చెప్పనక్కరలేదు.

పన్ను మాటకొస్తే, దాతృత్వ సంస్థల ఆదాయానికి చట్టం మినహాయింపు ఇస్తున్నది నిజమే. అయితే పన్ను మిగుల్చుకోవడానికి ఆస్తినే వదులుకునేవాడు వ్యాపారిగా నష్టపోయినట్టే. 2013 కంపెనీల చట్టం కింద పెద్ద కంపెనీలు సామాజిక సేవకు తప్పనిసరిగా పెట్టే 2 శాతం ఖర్చుతోనూ దీన్ని కలపకూడదు, అది కంపెనీ లాభంలోంచి పోయేది, ఇది వ్యక్తి సొంత ఆస్తిలోంచి పోయింది. విమర్శించదలిస్తే వేరే చోట విమర్శించవచ్చు. వాటాల ఆదాయం నిధికి పోయినా కంపెనీ నడిపే పట్టు కుటుంబం చేతిలోనే ఉంది. ప్రజలు ఎన్నుకోని ఒక సంస్థ సర్కారు బడుల తీరుపై ఇంత ప్రభావం చూపవచ్చునా అన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. అది ప్రభుత్వ బడులకు పోటీగా కాక వాటి లోపలే పనిచేస్తుండటం వల్ల నా అనుమానం కొంత తగ్గిందిగానీ, పూర్తిగా పోలేదు.

ప్రశ్న: కర్ణాటకలో పిల్లలకు గుడ్లు పెట్టడానికి కూడా ఆ డబ్బే వాడుతున్నారట. గుడ్డు విద్యాదానం ఎలా అవుతుంది?
– ఒక గృహిణి, బళ్లారి

జవాబు: ఆకలితో ఉన్న పిల్లకు తీసివేతలు ఎక్కవు కనుక అవుతుంది. అక్కడి ప్రభుత్వం వారానికి రెండు రోజులు ఇస్తున్న గుడ్డును ఆరు రోజులకు పెంచడానికి 2024లో ఫౌండేషన్ మూడేళ్లకు సుమారు 1,500 కోట్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. గుడ్డు తినని పిల్లలకు అరటిపండు ఇస్తారు. ఆ లెక్కలో గుడ్డు ధరే కాక, ఉడికించే గ్యాస్‌కూ పెంకు ఒలిచే చేతులకూ విడిగా పైసలు కేటాయించారు. వంట చేసే స్త్రీల శ్రమను ఆ మాత్రమైనా లెక్కలో రాసినందుకు నాకు సంతోషం.

ప్రశ్న: మా అమ్మాయి ప్రభుత్వ బడిలోనే పదీ ఇంటరూ చదివి డిగ్రీలో చేరుతోంది. ఆ సంస్థ ఏటా 30,000 రూపాయలు ఇస్తుందంటున్నారు, నమ్మవచ్చా?
– ఒక తల్లి, సంగారెడ్డి

జవాబు: నమ్మవచ్చు. పదో తరగతి, ఇంటర్మీడియట్ ప్రభుత్వ సంస్థల్లో చదివి డిగ్రీ లేదా డిప్లొమా మొదటి సంవత్సరంలో చేరిన ఆడపిల్లలకు, కోర్సు పూర్తయ్యేదాకా ఏటా ఆ మొత్తం ఇచ్చే పథకం అది. తెలంగాణ ఆ జాబితాలో ఉంది. 2025-26లో రెండున్నర లక్షల మందికి ఇవ్వాలన్నది సంస్థ ప్రకటించిన లక్ష్యం. దరఖాస్తుకు రుసుము లేదు కనుక, ఇప్పిస్తామంటూ డబ్బడిగేవారిని గడప దాటనివ్వకండి. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో, బ్యాంకు ఖాతాలో అమ్మాయి పేరు, ఇంటిపేరుతో సహా ఒకే తీరున ఉందో లేదో ఈ వారమే చూసుకోండి, తేడా ఉంటే దిద్దించుకోవడానికి సమయం పడుతుంది.