జీతంలోంచి తిరిగి పంపిన ‘విరాళం’ రాబట్టుకోవచ్చా?

ప్రశ్న: ఒక స్వచ్ఛంద సంస్థలో ఐదేళ్లు ఫీల్డ్ కోఆర్డినేటర్‌గా చేసి ఈమధ్యే మానేశాను. నెలకు రూ. 22,000 నా ఖాతాలో పడేది. మర్నాడే అందులోంచి 4,000 సంస్థ ఖాతాకు విరాళంగా వెనక్కి పంపాలి. సిబ్బంది అందరిదీ ఇదే పద్ధతి. డైరెక్టరుగారిని సొంత అన్నలా చూసుకున్నాను. ఇప్పుడు అడిగితే ‘ఇష్టపడే ఇచ్చావు’ అంటూ రసీదులు చూపిస్తున్నారు. ఆ రసీదులతో ఆదాయపు పన్ను రిటర్నుల్లో విరాళాలకు ఇచ్చే 80జి మినహాయింపు కూడా తీసుకున్నాను. ప్రాజెక్టు అడ్వాన్సు 60,000 నా దగ్గరే ఉంది. అది నా బాకీ కింద జమ వేసుకోవచ్చా?

జవాబు: ముందు ఆ 60,000 సంగతి. రేపే బ్యాంకు ద్వారా తిరిగి కట్టి, అందినట్టు రాయించుకోండి. అది మీకు అప్పగించిన సొమ్ము. ఉంచేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 316 కింద నేరపూరిత నమ్మకద్రోహం కేసు పెడతారు. ఉద్యోగి చేస్తే శిక్ష ఏడేళ్ల దాకా ఉంది. బాకీ రావలసినవారు కాస్తా ముద్దాయి అవుతారు.

అన్నాతమ్ముళ్ల అనుబంధంతో కేసుకు పని లేదు. తేలవలసింది ఒక్కటే: ఆ 4,000 విరాళమా, జీతంలో కోతా? ఉద్యోగి యజమానికి గానీ అతని ఏజెంటుకు గానీ చెల్లించే ఏ సొమ్మయినా జీతంలో కోతగానే లెక్క అని వేతనాల కోడ్ (జీతాలపై కొత్త కేంద్ర చట్టం) 18వ సెక్షన్ వివరణ చెబుతోంది. 1936 నాటి పాత వేతనాల చెల్లింపు చట్టంలోనూ ఈ మాట ఉంది. అనుమతించిన కోతల్లో యజమాని సొంత సంస్థకు ఇచ్చే విరాళం లేదు. ‘మాది సేవాసంస్థ, పరిశ్రమ కాదు’ అని వాళ్లు వాదిస్తారు. దాతృత్వ సంస్థల మినహాయింపు పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోది. వేతనాల కోడ్‌లో ‘వృత్తి’ సాగే చోటు కూడా సంస్థే, కాబట్టి ఆ వాదన ఇక్కడ పనికిరాదు.

ఇక 80జి. ఏడాదికి 2,64,000 జీతం మీద మీకు పన్నే పడదు, మరి ఆ మినహాయింపు ఎందుకండీ? పైసా మిగల్లేదు సరికదా, ‘ఇది విరాళమే’ అని మీ చేత్తో మీరే రాసిచ్చారు. ఇకమీదట చూపించకండి. చూపించినవి దాచకండి, కార్మిక శాఖకు పెట్టే అర్జీలోనే ముందుగా చెప్పండి. క్రాస్ ఎగ్జామినేషన్‌లో వాళ్లు బయటపెడితే దెబ్బ పెద్దది.

‘ఇష్టపడే ఇచ్చావు’ అన్న వాదనను తిప్పికొట్టేది సాక్ష్యం. ప్రతినెలా జీతం పడ్డ మర్నాడే అదే 4,000 వెళ్లినట్టు బ్యాంకు స్టేట్‌మెంటు, ‘పంపారా?’ అని అడిగిన వాట్సాప్ సందేశాలు, తోటివాళ్ల స్టేట్‌మెంట్లు. ఇష్టంతో ఇచ్చే విరాళం అందరి ఖాతాల్లోంచీ ఒకే రోజు కదలదు. స్క్రీన్‌షాట్లతో సరిపెట్టక ఆ ఫోను జాగ్రత్తగా ఉంచండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి.

గడువు ఏ నెల కోతకు ఆ నెలే మొదలవుతుంది. కోడ్ కింద మూడేళ్లు. అది 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. అంతకుముందు కోతలకు పాత చట్టంలోని 12 నెలల గడువే వర్తిస్తుందని అడ్డుపడతారు. ఆలస్యానికి కారణం రాసి మన్నించమని కోరండి. అయినా మొదటి రెండేళ్ల సొమ్ము మీద ఆశ పెట్టుకోకండి.

నెలవారీ పట్టిక జతచేసి స్పీడ్‌పోస్టులో నోటీసు ఇవ్వండి. పదిహేను రోజుల్లో కదలిక లేకపోతే కార్మిక శాఖలో వేతన క్లెయిములు విచారించే అధికారికి వేతనాల కోడ్ 45వ సెక్షన్ కింద అర్జీ పెట్టండి. అసలుతో పాటు దానికి పదింతల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఆయనకుంది. తోటివాళ్లు కలిసొస్తే అందరి తరఫునా ఒకే అర్జీ చాలు.