విశ్వం అంత పెద్దదని, అంత పాతదని తెలిసినా మనసుకెందుకు ఎక్కదు?

"కాంతి సంవత్సరాలు, కోట్ల ఏళ్ళు అని చదువుతాను, కానీ ఏమీ అనిపించదు" అని అడిగారు. నాకూ అంతేనండి. 10 కోట్లన్నా 1000 కోట్లన్నా మనసులో పడేది ఒకటే మాట, "చాలా". కొంచెమైనా తలకెక్కిందంటే అది ఒక బత్తాయి పుణ్యం.

పోయినేడు మా అమ్మాయి స్కూలు ప్రాజెక్టు కోసం డాబా మీద సూర్యకుటుంబం పరిచాం. ఆరున్నర సెంటీమీటర్ల బత్తాయి సూర్యుడు. ఆ లెక్కన భూమికి గసగసాల గింజ కూడా కాస్త పెద్దదే. టేపు పెట్టి కొలిచి, 7 మీటర్ల అవతల నీళ్ళ ట్యాంకు పక్కన తడివేలితో అద్దాం. గురుగ్రహం బఠాణీ గింజంత. అది 36 మీటర్ల దూరంలో ఉండాలి, అంటే పిట్టగోడ దాటి వీధిలో! "మరి పక్క నక్షత్రమో?" అంది. ఆల్ఫా సెంటారీకి లెక్క కడితే 1900 కిలోమీటర్ల పైమాటే. హైదరాబాద్‌లో ఒక బత్తాయి, శ్రీనగర్‌లో ఇంకో బత్తాయి. మధ్యలో దాదాపు ఏమీ లేదు. పిల్ల నమ్మక ఫోన్‌లో మళ్ళీ గుణించింది. ఈలోగా భూమి గాలికి ఎగిరిపోయింది, ఇంకో గింజ పెట్టాం.

కాలం సంగతి ఇంకా కష్టం. మా అపార్ట్‌మెంట్ వెనక ఒక గుట్ట ఉండేది. ఇక్కడి రాళ్ళ వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. మూడు వారాల్లో బ్రేకర్లతో కంకర చేసేశారు. ఆ చప్పుడుకి విసుక్కున్నానే గానీ, వయసు అప్పుడు గుర్తే రాలేదు.

గుర్తొచ్చింది పిల్లలకోడి దగ్గర, అదే ఆకాశంలో కృత్తికలనే చుక్కల గుంపు. చిన్నప్పుడు అమ్మమ్మ నులకమంచం మీద పడుకోబెట్టి, వేలుపెట్టి చూపిస్తూ లెక్కపెట్టించేది. ఆరు కనిపించేవి. దూరం సుమారు 440 కాంతి సంవత్సరాలు, అంటే వెలుగు 440 ఏళ్ళు నడిచేంత. 1591లో చార్మినార్ కట్టకముందే బయల్దేరిన వెలుగన్నమాట. ఇది ఎవరైనా చెబుతారు. నన్ను పట్టుకున్న లెక్క వేరు. అమ్మమ్మ చూపించి 40 ఏళ్ళయింది. ఇవాళ నా కంట్లో పడ్డ వెలుగు ఆ రాత్రికే 400 ఏళ్ళు నడిచేసి, ఇంకో 40 ఏళ్ళ దూరంలో ఉంది. ఆ తర్వాత నా చదువైంది, పెళ్ళయింది, అమ్మమ్మ పోయింది, ఊళ్ళో ఇల్లు అమ్మేశాం. అది వస్తూనే ఉంది.

కార్తీకంలో రాత్రి ఎనిమిది దాటాక తూర్పు వైపు చూడండి. మా డాబా మీంచి, ఈ లైట్లలో, నాకు నాలుగే కనిపించాయి.