ఒకే వంట, రెండు రిపోర్టులు

ప్రశ్న: నాకు 52 ఏళ్లు, మావారికి 57. ఇద్దరం శాకాహారులం. ఆయన ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 82 కిలోలు. నా ఎత్తు 155, బరువు 50. ఈమధ్య ఇద్దరం రక్తపరీక్ష చేయించుకుంటే ఆయనకు మొత్తం కొలెస్ట్రాల్ 198, ఎల్‌డీఎల్ 112, హెచ్‌డీఎల్ 34, ట్రైగ్లిజరైడ్లు 260 వచ్చాయి. నాకు అవే వరుసగా 242, 168, 52, 110. నెయ్యి మానేసి రెండేళ్లయింది. ‘కొలెస్ట్రాల్ లేనిది’ అని ప్యాకెట్ మీద రాసి ఉన్న నూనే వాడతాం, నెలకు నాలుగు లీటర్లు అవుతుంది. గుడ్డు కూడా ముట్టని, సన్నగా ఉన్న నాకు ఎక్కువ రావడమేమిటి, లావుగా ఉన్న ఆయనకు సరిగ్గా ఉండడమేమిటి? ఇద్దరం తినేది ఒకే వంట కదా!
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీవారి రిపోర్టు సరిగ్గా ఉందనుకోవడంలోనే పొరపాటు ఉంది. మొత్తం కొలెస్ట్రాల్‌లో రక్తనాళాల్లో పేరుకుని హాని చేసే ఎల్‌డీఎల్‌తో పాటు మనకు మేలు చేసే హెచ్‌డీఎల్ కూడా కలిసే ఉంటుంది కనుక, అది పడిపోయినప్పుడు మొత్తం అంకె కూడా తగ్గి, చూసేవారికి లేనిపోని ధైర్యం ఇస్తుంది. మొత్తంలోంచి హెచ్‌డీఎల్‌ను తీసివేసి చూడండి: ఆయనకు 164, మీకు 190 మిగులుతుంది. మామూలుగా ఇది 130 లోపు ఉంటే మంచిది. అంటే ఇద్దరూ జాగ్రత్త పడవలసినవారే, కాకపోతే కారణాలు వేరు. పురుషులకు 40కి తగ్గకూడని హెచ్‌డీఎల్ ఆయనకు 34 ఉంది, రక్తంలో తిరిగే మరో రకం కొవ్వు, 150 దాటకూడని ట్రైగ్లిజరైడ్లు 260 ఉన్నాయి.

ఇక ఒకే వంట సంగతి. బరువు, ఎల్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్లు మూడూ ఆహారానికి స్పందించేవే అయినా, ఒకే పదార్థానికి ఒకే తీరుగా స్పందించవు. అవసరానికి మించిన అన్నం, చక్కెర, మైదా శరీరంలోకి చేరినప్పుడు కాలేయం ఆ మిగులును కొవ్వుగా మార్చి ట్రైగ్లిజరైడ్ల రూపంలో రక్తంలోకి పంపుతుంది. అవి పెరిగిన చోట హెచ్‌డీఎల్ తగ్గడం పరిపాటి. మద్యం అలవాటు ఉంటే ఇది ఇంకా ఎక్కువవుతుంది. పొట్ట చుట్టూ కొవ్వు చేరిన మన దేశపు పురుషుల్లో చాలా తరచుగా కనిపించే రిపోర్టు ఇదే. ఎత్తుకు తగిన బరువును చూపే సూచీ ఆయనకు 29 ఉంది. భారతీయులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. ఒక టేపు తీసుకుని నడుము కూడా కొలవండి, పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వారి ఇండియాబ్ అధ్యయనం ప్రకారం మన దేశంలో ఊబకాయం 28.6 శాతం మందిలో ఉంటే, పొట్ట ఊబకాయం 39.5 శాతం మందిలో ఉంది. అంటే తూకం యంత్రం పట్టుకోలేనివారిని టేపు పట్టుకుంటోంది.

మీ విషయంలో ముందు అనుమానించవలసింది వంటను కాదు. నెలసరి ఆగిపోయే వయసులో ఈస్ట్రోజెన్ హార్మోన్ తగ్గడంతో ఎల్‌డీఎల్ పెరుగుతుంది. థైరాయిడ్ మందగించినా పెరుగుతుంది కనుక టీఎస్‌హెచ్ పరీక్ష తప్పకుండా చేయించుకోండి. తల్లిదండ్రుల్లో గాని తోబుట్టువుల్లో గాని చిన్న వయసులో గుండెపోటు వచ్చినవారుంటే వైద్యుడికి చెప్పండి, ఎందుకంటే ఎల్‌డీఎల్‌ను రక్తంలోంచి తీసివేసే కాలేయపు శక్తి కొందరికి పుట్టుకతోనే తక్కువ. సన్నదనం ట్రైగ్లిజరైడ్ల నుంచి కొంత కాపాడుతుంది గాని, ఎల్‌డీఎల్ నుంచి అంతగా కాపాడదు.

ఆహారంలో ఎల్‌డీఎల్‌ను ఎక్కువగా పెంచేది సంతృప్త కొవ్వు. నెయ్యి మానేశామన్నారు, మరి మీగడ పెరుగు, వెన్న, బేకరీ బిస్కెట్లు, కర్రీ పఫ్‌లు, పామాయిల్‌లో వేయించిన మిక్చర్ సంగతి రాయలేదు. పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వే. ఆ నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు, ఎందుకంటే కొలెస్ట్రాల్ జంతు సంబంధమైన పదార్థాల్లోనే ఉంటుంది. ఆ మాట ఏ వంటనూనెకైనా వర్తిస్తుంది. వేడి అన్నంలో వేసుకునే ఒక చిన్న చెంచా నెయ్యిలో ఉండే సంతృప్త కొవ్వు సుమారు 3 గ్రాములు. దాన్ని మాని నెలకు నాలుగు లీటర్ల నూనె వాడడం నాకు లాభసాటి బేరంగా తోచదు.

ఆ నాలుగు లీటర్ల లెక్క చూద్దాం. లీటరు నూనె సుమారు 920 గ్రాములు తూగుతుంది. ఇంట్లో ఇద్దరే ఉంటే మనిషికి రోజుకు 60 గ్రాములకు పైగా పడుతోంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 2000 కిలోక్యాలరీల భోజనానికి సూచించిన నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు. పైన పడుతున్న నూనె ఒక్కటే రోజుకు సుమారు 300 కిలోక్యాలరీలు. అందులో కొంత మూకుడులో మిగిలి పారబోసినా, మీవారి నడుము లెక్కలో దీని వాటా చిన్నది కాదు. ఇద్దరికీ కలిపి నెలకు లీటరున్నర, మించితే లీటరు ముప్పావు సరిపోవాలి. ఆవకాయ జాడీలోని నూనె కూడా ఇందులో భాగమే.

ఏది మానాలి అన్న ప్రశ్నకంటే పళ్లెం మొత్తం ఎలా ఉంది అన్న ప్రశ్న ముఖ్యమని పరిశోధకులు ఎప్పుడో గుర్తించారు. అమెరికాలో ఇందుకు 100 మార్కుల సూచీ ఒకటి వాడతారు. పండ్లు, కూరగాయలు, పప్పులు, ముడిధాన్యాలకు మార్కులు కలుపుతారు. పాలిష్ చేసిన ధాన్యం, ఉప్పు, అదనపు చక్కెర, సంతృప్త కొవ్వు మితిమీరితే తగ్గిస్తారు. ఇలాంటి సూచీల్లో ఎక్కువ మార్కులు వచ్చినవారికి సాధారణంగా బరువు, నడుము చుట్టుకొలత తక్కువగా ఉంటాయి. ఎల్‌డీఎల్‌తో మాత్రం ఈ సంబంధం అంత గట్టిగా కనపడదు. వంశపారంపర్యం ఒక కారణం. కొలెస్ట్రాల్ ఎక్కువని తెలిశాకే చాలామంది భోజనం మార్చుకుంటారు కనుక, మంచి ఆహారం తినేవారి జాబితాలో ఎల్‌డీఎల్ ఎక్కువ ఉన్నవారూ చేరిపోవడం మరో కారణం.

నాణ్యత ఎలాగున్నా పరిమాణం తగ్గిస్తే చాలదా అని కొందరు వాదిస్తారు. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో 20 మందిని నాలుగు వారాలు అక్కడే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీలో తయారైన ప్యాకెట్ ఆహారం, రెండు వారాలు మామూలుగా వండిన ఆహారం పెట్టి చూశారు. వడ్డించినదానిలో క్యాలరీలు, చక్కెర, కొవ్వు, పీచు సమానంగా ఉండేలా చూసి, ఎంత కావాలంటే అంత తినమన్నారు. ప్యాకెట్ ఆహారం మీద ఉన్నప్పుడు వాళ్లు రోజుకు సుమారు 500 కిలోక్యాలరీలు ఎక్కువ తిని 0.9 కిలో పెరిగారు, రెండో దాని మీద అంతే తగ్గారు. చిన్న ప్రయోగమే అయినా, ఎంత తింటామో నిర్ణయించడంలో ఏం తింటున్నామన్నదానికి పెద్ద పాత్ర ఉందని ఇది చూపింది.

శాకాహారమన్నంత మాత్రాన మార్కులు రావు. మిరపకాయ బజ్జీ, మైదా పూరీ, మైసూర్‌పాక్, చక్కెర దండిగా వేసిన కాఫీ అన్నీ శాకాహారమే. జాతీయ పోషకాహార సంస్థ సూచించిన పళ్లెంలో రోజుకు ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు. ఇవి వండకముందు తూకాలు. మన ఇళ్లలో అన్నం దీనికి చాలా పైన, కూరలు చాలా కింద ఉంటాయి. పప్పు చారులోకి వెళ్లి పలచబడిపోతుంది. మీవారికి ఒక పూట అన్నం సగానికి తగ్గించి, ఆ చోట ముద్దపప్పు గాని పెసలు, శనగలు, అలసందల గుగ్గిళ్లు గాని, నూనె తక్కువ వేసిన కూర రెండింతలు గాని పెట్టండి. జొన్నరొట్టె మంచిదే, కాని అన్నానికి తోడుగా కాదు, అన్నానికి బదులుగా. మీకు ఎక్కువ ఉపయోగపడేది నీటిలో కరిగే పీచు: బార్లీ, ఓట్స్, బెండకాయ, మెంతులు, గింజ పప్పులు. పేగులో పైత్యరసాన్ని ఇది పట్టి బయటికి పంపుతుంది కనుక, కొత్త పైత్యరసం తయారీకి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను తీసుకోవలసి వస్తుంది. మిక్చర్ బదులు గుప్పెడు వేరుశనగలు లేదా బాదం తినండి.

ప్రశ్న: రోజూ వ్యాయామం చేస్తాను, నాలుగు గుడ్లు తింటాను. కొలెస్ట్రాల్ భయంతో పచ్చసొనలు పారేస్తున్నాను. సరైనదేనా?
– ఒక యువకుడు, వరంగల్

జవాబు: ఒక సొనలో సుమారు 200 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ ఉన్నా, సంతృప్త కొవ్వు ఒకటిన్నర గ్రాములే, రక్తంలోని కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం శరీరం తయారుచేసుకునేదే. రోజుకు 300 మిల్లీగ్రాములు దాటవద్దన్న పాత అంకెను అమెరికా ఆహార మార్గదర్శకాలు 2015 సంచికలో తొలగించాయి. ఆరోగ్యవంతులు రోజుకు ఒక గుడ్డు సొనతో సహా తినవచ్చు. మధుమేహం గాని ఎల్‌డీఎల్ ఎక్కువగా గాని ఉంటే వైద్యుణ్ని అడిగి తినండి. గుడ్డు పక్కన వెన్న రాసిన బ్రెడ్డు ఎన్ని ముక్కలు ఉంటున్నాయో కూడా చూసుకోండి.

ప్రశ్న: మూడు నెలల్లో 84 నుంచి 77 కిలోలకు తగ్గాను. ట్రైగ్లిజరైడ్లు బాగా దిగాయి గాని ఎల్‌డీఎల్ 150 నుంచి 141కే వచ్చింది. డాక్టరుగారు రాసిన మందు వేసుకోవాలా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: బరువులో 8 శాతం తగ్గించడం మంచి ఫలితం, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా, ఎల్‌డీఎల్ కొద్దిగా తగ్గడం సహజం. మందు అవసరమా కాదా అన్నది ఆ ఒక్క అంకెను బట్టి కాక మీ వయసు, రక్తపోటు, చక్కెర, పొగతాగే అలవాటు, కుటుంబ చరిత్ర కలిపి నిర్ణయిస్తారు కనుక, మీ అంతట మీరు వాయిదా వేయకండి. వేగంగా బరువు తగ్గుతున్న రోజుల్లో ఎల్‌డీఎల్ అంకె నిలకడగా ఉండదు. బరువు ఒకచోట కుదురుకున్న ఆరు నుంచి పన్నెండు వారాలకు మళ్లీ పరీక్ష చేయించి, రెండు రిపోర్టులూ తీసుకుని డాక్టరుగారిని కలవండి.