టాయిలెట్ తలుపు ప్యాకింగ్ గదిలోకి తెరుచుకుంటే ఫుడ్ యూనిట్‌కి ఇబ్బందేనా?

మీ ప్రశ్న చదివాను. హైదరాబాద్ కాటేదాన్‌లో పచ్చళ్లు, మసాలా పొడుల యూనిట్ కోసం షెడ్డు చూశారు, ఉన్న ఒక్క టాయిలెట్ తలుపూ ప్యాకింగ్ గదిలోకే ఉంది, పనికి వచ్చేది ఎక్కువగా ఆడవాళ్లు, అలాగే నడిపేయొచ్చా అని అడిగారు. వద్దండీ. నేను జీడిమెట్ల వైపు ఒక స్నాక్స్ యూనిట్‌లో చాలాకాలం క్వాలిటీ చూసేదాన్ని, ఆ అనుభవంతో చెబుతున్నాను.

ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2011 లైసెన్సింగ్ నిబంధనల్లో షెడ్యూల్ 4 అని శుభ్రత నియమాల భాగం ఉంటుంది. టాయిలెట్లు తయారీ, నిల్వ జరిగే చోటికి నేరుగా తెరుచుకోకూడదనీ, ఆడవాళ్లకీ మగవాళ్లకీ వేరువేరుగా, పనిచేసే మందికి సరిపడా ఉండాలనీ అందులో స్పష్టంగా ఉంది. కాబట్టి ఆ తలుపు మూసేసి బయటి గోడ వైపు పెట్టించండి. రెండో టాయిలెట్ కూడా కట్టాల్సిందే. ఈ ఖర్చు ఎవరిదో అడ్వాన్స్ ఇవ్వకముందే షెడ్డు ఓనర్‌తో తేల్చుకోండి.

చాలామంది టైల్స్ మీద డబ్బు పెట్టి చేతులు కడుక్కునే చోటు మర్చిపోతారు. టైఫాయిడ్, హెపటైటిస్ ఎ లాంటివి మలం నుంచి చేతికి, చేతి నుంచి తిండికి చేరతాయి. టాయిలెట్ బయట ఒక సింకు, ప్యాకింగ్‌లోకి అడుగుపెట్టే చోట ఇంకొకటి ఉండాలి. కుళాయి మోచేత్తోనో కాలితోనో తిప్పేది అయితే మంచిది, కడిగిన చేత్తో మళ్లీ పట్టుకునే పని ఉండదు. అందరూ తుడుచుకునే టవల్ మాత్రం వేలాడదీయకండి. శానిటైజర్ పెట్టాం కదా అని సబ్బు తీసేసినవాళ్లనీ చూశాను. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ మీద శానిటైజర్ సరిగా పనిచేయదు, సబ్బూ నీళ్లే కావాలి. ఎండాకాలం బోరు ఎండిపోయి ట్యాంకర్ ఆలస్యమైతే మొదట నీళ్లు ఆగేది టాయిలెట్‌కే, దానికి వేరే ట్యాంకు పెట్టుకోండి. ఏప్రన్, తలటోపీ తీసి తగిలించడానికి బయట కొక్కేలు, లోపలికి వేరే చెప్పులు కూడా ఉండాలి.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది వేరే ఉంది. మా దగ్గర టాయిలెట్‌కి వెళ్లాలంటే సూపర్‌వైజర్‌ని అడగాలి, ఆయన మగాయన. దానికి తోడు తలుపు గడియ సరిగా పడేది కాదు. మే నెల ఎండల్లో కూడా ఆడవాళ్లు తెచ్చుకున్న నీళ్ల సీసా మూత తీయకుండానే ఇంటికి పట్టుకెళ్లేవాళ్లు. ఒకరి తర్వాత ఒకరికి యూరిన్ ఇన్‌ఫెక్షన్లు. పైగా లంచ్ టైమ్‌లో అందరూ ఒకేసారి వెళ్లేవాళ్లు, వెనక లైను, పైన బెల్లు. అంత హడావిడిలో సబ్బు దగ్గర ఎవరు ఆగుతారు? మనిషిని అలా తొందరపెట్టి తిండి శుభ్రంగా రావాలంటే రాదు. మేనేజ్‌మెంట్‌తో పదేపదే మాట్లాడితే చివరికి గడియ బాగుచేయించారు, మూత ఉన్న చెత్తబుట్ట పెట్టారు, ప్యాకింగ్ లైన్లో ఎవరు లేచినా వాళ్ల చోట నిలబడటానికి ఒక అమ్మాయిని ఉంచారు. అడగాల్సిన పని పోయింది. ఆ తర్వాతే సింకు దగ్గర సబ్బు అయిపోవడం చూశాను. మీరు మొదటి రోజు నుంచే అలా పెట్టుకోండి.

ఒంట్లో బాగాలేనివాళ్ల సంగతీ అంతే. విరేచనాలో కామెర్లో ఉన్న మనిషి తిండిని ముట్టుకోకూడదన్నది నిబంధనే. కానీ రోజు కూలి పోతుందంటే ఎవరూ చెప్పరు, కడుపు పట్టుకునే పనిచేస్తారు. ఆ రోజుకి కూలి ఇచ్చి ఇంటికి పంపండి. ఏటా ఒకసారి మెడికల్ పరీక్ష, టైఫాయిడ్ లాంటి జబ్బులకు టీకా తప్పనిసరి, ఆ కాగితాలు ఫైల్లో పెట్టుకోండి.

లైసెన్స్ దరఖాస్తుతో పాటు షెడ్డు లేఅవుట్ ప్లాన్ కూడా అడుగుతారు. తలుపు మార్చాకే ఆ ప్లాన్ గీయించండి.