పిట్ట కన్ను, మనిషి కన్ను: కొత్త లెన్సు కొనే ముందు చూసుకోవలసినవి

మీ దగ్గర క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) కెమెరా, 70-300 జూమ్ లెన్సు ఉన్నాయన్నారు. పక్షుల ఫొటోలు మసకగా, ఇంట్లోవాళ్ల పోర్ట్రెయిట్లు చప్పగా వస్తున్నాయి, 600 మి.మీ. లెన్సు కొనాలా, 85 మి.మీ. లెన్సు కొనాలా అని అడిగారు. పన్నెండేళ్లుగా రెండు రకాల ఫొటోలూ తీస్తున్న అనుభవంతో చెబుతున్నాను: ఒక నెలపాటు ఏదీ కొనకండి.

పిట్టను 300 దగ్గర, 1/250 సెకనుతో తీశానని మీరే రాశారు. మసకకు మొదటి కారణం అక్కడే కనిపిస్తోంది. చేతిలో పట్టుకొని తీసేటప్పుడు షట్టరు వేగం లెన్సు మి.మీ. అంకెకు తగ్గకూడదని (300 అయితే కనీసం 1/300 సెకను) పాత లెక్క ఒకటుంది. మీ చిన్న సెన్సర్ మీద 300 అంటే దాదాపు 450 కింద లెక్క. అంటే మీ చెయ్యి వణుకును ఆపడానికే 1/500 కావాలి. పిట్ట కదలిక దానికి అదనం. కొమ్మ మీద కుదురుగా కూర్చున్నట్టు కనిపించే పిట్ట కూడా క్షణానికొకసారి తల తిప్పుతూనే ఉంటుంది. అందుకే నేను కూర్చున్నదానికి 1/1000, ఎగిరేదానికి 1/2000, చిన్న పిట్టలైతే 1/3200 పెడతాను. లెన్సులో ఉండే స్టెబిలైజేషన్ మీ చేతి వణుకును మాత్రమే సర్దుతుంది, రెక్క వేగాన్ని ఆపలేదు.

మాన్యువల్ మోడ్‌లో షట్టరు, అపర్చరు (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) మీరు పెట్టుకొని ఐఎస్‌ఓను (వెలుగును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) ఆటోకు వదిలేయండి. ఐఎస్‌ఓ 3200కు పోయిందని కంగారు పడకండి. దానివల్ల ఫొటోలో వచ్చే గరుకుదనాన్ని తరువాత కంప్యూటర్‌లో చాలావరకు తగ్గించుకోవచ్చు. కదిలిపోయిన కన్నును ఏ సాఫ్ట్‌వేరూ నిజంగా తిరిగి తేలేదు. తెల్ల కొంగ చీకటి నేపథ్యంలో ఉంటే ఎక్స్‌పోజరును ఒక స్టాప్ (అంటే సగానికి) తగ్గించండి, లేకపోతే ఈకల గీతలన్నీ తెల్లటి మచ్చగా కలిసిపోతాయి.

ఒకసారి నా లెన్సు పాడైందనుకొని మరమ్మతుకు ఇచ్చాను. ఏ లోపమూ లేదని తిరిగి ఇచ్చారు. తీరా చూస్తే నేను ఎండెక్కాక, ఖాళీ నేల మీదుగా ఎనభై తొంభై మీటర్ల దూరంలోని పిట్టలను తీస్తున్నాను. వేడెక్కిన నేల మీద గాలి అలలు అలలుగా కదులుతుంది, ఫొటోలో అది ఫోకస్ తప్పినట్టే కనిపిస్తుంది. 600 లెన్సు పెట్టినా ఆ అలలే ఇంకా పెద్దగా కనిపిస్తాయి. పొద్దున్నే వెళ్లడం, దగ్గరగా ఉండడం, ఈ రెండే దానికి మందు.

దగ్గరగా అంటే పిట్ట వెంట పడమని కాదు. రెండేళ్లపాటు గట్టు మీద నిలబడి లకుముకి పిట్టను తీశాను. అన్నీ పైనుంచి చూసినట్టున్న ఫొటోలే. ఒక తెల్లవారుజామున నీటి అంచున బోర్లా పడుకున్నాను. పాత ప్యాంటు కాలు కోసి, కుట్టి, ఎండు గింజలు నింపిన సంచి మీద లెన్సు ఆనించాను. నీటికీ లెన్సుకూ మధ్య జానెడు ఎడం. నలభై నిమిషాల తరువాత పిట్ట తానే వచ్చి ఎదుటి పుల్ల మీద వాలింది. తల కాస్త వంచి నీళ్లలోకి చూసింది. అప్పుడు నల్లటి కంటిలో గసగసాల గింజంత వెలుగు చుక్క మెరిసింది. వెనకున్న పచ్చదనమంతా కరిగి ఒకే రంగైపోయింది. అది కూడా 300 లెన్సుతో తీసిందే.

గాలిని మీ వీపు వెనక ఉంచుకోండి. పక్షులు సాధారణంగా గాలికి ఎదురుగా లేస్తాయి కాబట్టి మీ వైపు ముఖం పెట్టి ఎగురుతాయి. గూటి దగ్గరికి మాత్రం దయచేసి వెళ్లకండి. మీరు అక్కడ ఉన్నంతసేపూ తల్లి గూటికి రాదు, పిల్లలు ఎండకో చలికో, లేదా కాకికో బలైపోతాయి. ఏ ఫొటో కోసమైనా అది చెయ్యకూడని పని.

పోర్ట్రెయిట్లకు కూడా మీ లెన్సే సరిపోతుంది. ముఖం ఆకృతిని నిర్ణయించేది మీరు నిలబడిన దూరం. చేతికందేంత దగ్గరి నుంచి తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. రెండు మీటర్ల దూరంలో నిలబడి 70 దగ్గర తీయండి. మనిషిని కిటికీ పక్కన కూర్చోబెట్టి గదిలో దీపాలన్నీ ఆర్పేయండి. బల్బు పసుపు, పగటి నీలం కలిస్తే చర్మం రంగు చెడుతుంది. నీడ వైపు ఒక తెల్ల దుప్పటి వేలాడదీస్తే చాలు, కిటికీ వెలుగు దాని మీద పడి ముఖం మీదికి తిరిగొస్తుంది.

మా మేనత్త కెమెరా చూడగానే బిగుసుకుపోయేది. ఒకరోజు కిటికీ దగ్గర కూర్చోబెట్టి సూదిలో దారం ఎక్కించి పెట్టమని అడిగాను. దారం కొసను పెదవులతో తడిపి, కళ్లు చికిలించి, మూడోసారికి ఎక్కించింది. "అయిందా నాయనా?" అంటూ తలెత్తింది. నేను ఎదురుచూసింది ఆ చూపు కోసమే.

ఫోకస్ ఎప్పుడూ మీకు దగ్గరగా ఉన్న కంటి మీద పెట్టండి. 85 లెన్సు అపర్చరును బాగా తెరిచి, ఎఫ్/1.8 దగ్గర పెట్టి మీటరున్నర దూరం నుంచి తీస్తే స్పష్టంగా ఉండే మందం రెండు మూడు సెంటీమీటర్లే. తల కాస్త పక్కకు తిరిగితే రెండో కన్ను మసకబారుతుంది. అపర్చరును కాస్త మూసి ఎఫ్/2.8 దగ్గర తీయడం మేలు.

నెల తరువాత కూడా కొనాలనిపిస్తే ముందు 50 మి.మీ. ఎఫ్/1.8 తీసుకోండి. మీ సెన్సర్ మీద అది 75 లాగా పనిచేస్తుంది, చీకటి గదిలో బాగా ఆదుకుంటుంది. 600 వరకు వెళ్లే జూమ్‌ను మాత్రం రెండు రోజులు అద్దెకు తెచ్చుకొని చూడండి. వాటిలో చాలావరకు రెండు కిలోలకు అటూ ఇటూ ఉంటాయి. ఉదయమంతా చేత్తో మోసి, 1/1000 దగ్గర తీసిన ఫొటోలను మీ 300 ఫొటోల పక్కన పెట్టి చూసుకున్నాక డబ్బు సంగతి ఆలోచించండి.