కావలి–నెల్లూరు రోజూ తిరిగేవాళ్లకు తక్కువ ధరలో చిన్న ల్యాప్‌టాప్: ఏది తీసుకోవాలి?

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇది: బీకాం అయిపోయింది, నెల్లూరులో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో చేరావు, కావలి నుంచి రోజూ రైల్లో అప్ అండ్ డౌన్, చేతిలో ముప్పై వేలున్నాయి. ఆన్‌లైన్‌లో 18 వేలకు కనిపిస్తున్న 11.6 అంగుళాల కొత్త ల్యాప్‌టాప్ తీసుకోవాలా, లేక కొంత అప్పు చేసైనా 15.6 అంగుళాల పెద్దది తీసుకోవాలా అని.

రెండూ వద్దంటాను. పెద్ద కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి అమ్మేసిన బిజినెస్ ల్యాప్‌టాప్ చూసుకో. 12.5 లేదా 13.3 అంగుళాల స్క్రీన్, ఎనిమిదో జనరేషన్ లేదా ఆపైన ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ. ఇరవై వేల చుట్టుపక్కల దొరుకుతుంది. మిగిలిన డబ్బుతో బ్యాటరీ మార్పించుకోవచ్చు, మంచి చార్జర్ కొనుక్కోవచ్చు.

నేను ఒంగోలులో ట్యాక్స్ ప్రాక్టీస్ చేస్తాను. క్లయింట్లలో ఎక్కువమంది చీమకుర్తి గ్రానైట్ వాళ్లు. వారంలో సగం రోజులు బస్సులోనో, ఎవరో ఒకరి ఫ్యాక్టరీ ఆఫీసు గదిలోనో గడుస్తాయి. నెల్లూరుకీ చెన్నైకీ కూడా పని మీద వెళ్తుంటాను. చిన్న ల్యాప్‌టాప్‌లు చాలా ఏళ్లుగా వాడుతున్నాను, మా ఆఫీసులో పిల్లలకు కూడా అవే కొనిచ్చాను. కాబట్టి నీ పని ఎలాంటిదో నాకు బాగా తెలుసు.

ముందు ఆ 18 వేల దాని సంగతి చూద్దాం. ఆ ధరలో వచ్చేవాటిలో చాలావరకు సెలెరాన్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ ఈఎంఎంసీ స్టోరేజీ (ఎస్ఎస్‌డీ కంటే నెమ్మదైన చౌక రకం) ఉంటాయి. విండోస్ 11 ఎక్కాలంటే కనీసం కావలసిందే 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ. అంటే ఆ మెషీన్ సామర్థ్యమంతా విండోస్‌కే సరిపోతుంది, నీ పనికి మిగిలేది తక్కువ. కొన్న కొత్తలో బాగానే ఉంటుంది. తర్వాత పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు డిస్క్‌లో చోటు లేదంటుంది. ఈఎంఎంసీ బోర్డు మీదే అతికి ఉంటుంది కాబట్టి తీసి పెద్దది వేయడం కుదరదు. ఆ రకం వాటిలో ర్యామ్ కూడా ఎక్కువగా బోర్డుకే అతికి ఉంటుంది.

మన పని ఎలా ఉంటుందో నీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. పదకొండో తారీకు జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్న్), ఇరవయ్యో తారీకు జీఎస్టీఆర్-3బీ (పన్ను కట్టే రిటర్న్). ఆ రెండు మూడు రోజులు లెక్కలు రాసే టాలీ ఒక పక్క, ఎక్సెల్‌లో పర్చేజ్ రిజిస్టర్ ఒక పక్క, బ్రౌజర్‌లో పోర్టల్, దాని పక్కనే ఓటీపీ కోసమో బిల్లుల కోసమో వాట్సాప్ వెబ్, అన్నీ తెరిచే ఉండాలి. టాలీ తేలికైనదే, అది ఒక్కటే అయితే 4 జీబీలో కూడా నడుస్తుంది. ర్యామ్ మింగేది బ్రౌజర్. నాలుగు ట్యాబులు తెరిచేసరికి 4 జీబీ మెషీన్ నత్తనడక మొదలుపెడుతుంది, క్లయింటేమో ఫోన్ మీద ఫోన్ చేస్తుంటాడు. ఆ టెన్షన్ నీకు వద్దు. 8 జీబీ కంటే తక్కువది ఎవరు ఎంత తక్కువకిచ్చినా తీసుకోకు.

ఇదే ధరలో క్రోమ్‌బుక్‌లు, జియోబుక్ లాంటివి కూడా కనిపిస్తాయి. 2023లో వచ్చిన జియోబుక్ 16,499 రూపాయలకు అమ్మారు, బరువు 990 గ్రాములే. క్లాసులు వినడానికి, నోట్స్ రాసుకోవడానికి, వీడియోలు చూడటానికి అలాంటివి బాగుంటాయి. మన పనికి మాత్రం కుదరవు. టాలీ, జీఎస్టీ ఆఫ్‌లైన్ టూల్, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ (ఆన్‌లైన్ సంతకానికి వాడే యూఎస్‌బీ పరికరం) సాఫ్ట్‌వేర్ ఇవన్నీ విండోస్ కోసం చేసినవి. మీ ఇంట్లో ఇంటర్ చదివే చెల్లెలో తమ్ముడో ఉంటే వాళ్లకు క్రోమ్‌బుక్ చూడొచ్చు, నీకు కాదు.

ఇక 15.6 అంగుళాలది. అది మంచిది కాదనను. ఇంట్లో టేబుల్ మీద పెట్టుకుని చేసే పనికి అదే హాయి. కానీ దాని వెడల్పు 36 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. సాయంత్రం ప్యాసింజర్‌లో ముగ్గురు కూర్చునే బెంచీ మీద నలుగురు సర్దుకున్నప్పుడు దాన్ని తెరిస్తే నీ మోచేతులు పక్కవాళ్లకు తగులుతాయి. ఎదుటి సీటాయన మోకాళ్లు అడ్డం వచ్చి మూత పూర్తిగా వెనక్కి వాలదు. 12.5 అంగుళాలది 31 సెంటీమీటర్ల లోపే ఉంటుంది, ఒళ్లో ఇమిడిపోతుంది. బరువు లెక్క కూడా చార్జర్‌తో కలిపి చూడు. పెద్దది చార్జర్‌తో రెండు కేజీలు దాటుతుంది. చిన్నది కేజీన్నర. స్టేషన్‌కి నడక, మెట్లు, రైల్లో నిలబడటం, మళ్లీ ఆఫీసు దాకా ఆటో, ఇదంతా రోజుకు రెండుసార్లు. ఆ అరకేజీ తేడా భుజానికి తెలుస్తుంది.

నేను చూసి, వాడి చెప్పగలిగిన మోడళ్లు ఇవి: లెనోవో థింక్‌ప్యాడ్ ఎక్స్280, డెల్ లాటిట్యూడ్ 7290, 7390, హెచ్‌పీ ఎలైట్‌బుక్ 830 జీ5. నాలుగూ ఎనిమిదో జనరేషన్ ఇంటెల్‌తో దొరుకుతాయి. ఎక్స్280లో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, కాబట్టి 8 జీబీది దొరికితేనే తీసుకో. లాటిట్యూడ్ 7290లోనూ ఎలైట్‌బుక్‌లోనూ తర్వాత పెంచుకునే వీలుంది. ఇవి ఆఫీసుల కోసం తయారైనవి కాబట్టి కీబోర్డు గట్టిగా ఉంటుంది, హింజెస్ తొందరగా వదులవ్వవు, విడిభాగాలు సులువుగా దొరుకుతాయి. ఇరవై వేల కొత్త ప్లాస్టిక్ ల్యాప్‌టాప్ కంటే ఇవి ఎక్కువకాలం వస్తాయని నా నమ్మకం. మా ఆఫీసులో అలాగే వచ్చాయి.

జనరేషన్ దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి అధికారికంగా ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచే అర్హత. అందుకే ఆరు, ఏడు జనరేషన్ల ల్యాప్‌టాప్‌లు కుప్పలుగా మార్కెట్‌లోకి వచ్చాయి. పది పన్నెండు వేలకు ఐ5 అని ఆశపెడతారు. స్టిక్కర్ మీద ఐ5 అనే ఉంటుంది, జనరేషన్ ఉండదు. సిస్టమ్ ప్రాపర్టీస్ తెరిచి ప్రాసెసర్ పూర్తి పేరు చదువు. ఐ5-8250యూ, ఐ5-8350యూ అంటే ఎనిమిదోది. ఐ5-7200యూ అంటే ఏడోది, ఐ5-6300యూ అంటే ఆరోది. అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించి ఇస్తామంటారు కొందరు. క్లయింట్ల లెక్కలు, బ్యాంకు పాస్‌వర్డ్‌లు ఉండే మెషీన్ అది, అలాంటి ప్రయోగాలు దాని మీద వద్దు.

షాపులో కూర్చుని అరగంట టైమ్ తీసుకుని చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. మొహమాటపడకు.

మొదటిది బ్యాటరీ. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘పవర్‌సీఎఫ్‌జీ’ అని ఇంగ్లీషులో కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి, స్లాష్ పెట్టి ‘బ్యాటరీరిపోర్ట్’ అని కలిపి కొట్టు. ఒక రిపోర్ట్ తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలుంటాయి. మొదటిది 45 వాట్ అవర్లు ఉండి, రెండోది 36 ఉంటే బ్యాటరీ ఎనభై శాతం బాగున్నట్టు. మన పనికి, బ్రైట్‌నెస్ సగం పెట్టుకుంటే గంటకు సుమారు ఏడు వాట్ అవర్లు ఖర్చవుతాయి. 36ని ఏడుతో భాగిస్తే ఐదు గంటలు. రైల్లోకీ, ఆఫీసులో కరెంట్ పోయినప్పుడూ అది ధారాళంగా సరిపోతుంది. ఫుల్ చార్జ్ సగానికి పడిపోయి ఉంటే కొత్త బ్యాటరీ ఖర్చు తగ్గించి ఇమ్మని అడుగు, లేదా ఇంకోటి చూపించమను.

రెండోది లాక్. ఇవి కంపెనీల నుంచి వచ్చినవి కదా, కొన్నింటిలో పాత కంపెనీ తాళం అలాగే ఉండిపోతుంది. బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల్లోకి) వెళ్లి పాస్‌వర్డ్ అడుగుతుందేమో చూడు. తర్వాత విండోస్ రీసెట్ చేయించి, నీ ఫోన్ హాట్‌స్పాట్‌కు కనెక్ట్ చేసి సెటప్ మొదలుపెట్టు. ఏదైనా కంపెనీ పేరు కనిపించి ఆ కంపెనీ ఈమెయిల్‌తో లాగిన్ అవ్వమంటే అక్కడే వదిలేసి వచ్చెయ్యి. షాపువాళ్లు నెట్ లేకుండా ఎక్కించిన విండోస్‌లో ఈ సంగతి బయటపడదు, తర్వాత ఎప్పుడో రీసెట్ చేసినప్పుడు బయటపడుతుంది.

మూడోది స్క్రీన్. ఈ మోడళ్లలో కొన్నింటికి రెండు రకాల ప్యానెల్స్ వచ్చాయి. 1366x768 టీఎన్ ఒకటి, 1920x1080 ఐపీఎస్ ఇంకోటి. పక్కనుంచి, కిందనుంచి చూడు. రంగులు మారిపోయి నల్లగా కనిపిస్తే టీఎన్. ఒక వెయ్యో రెండు వేలో ఎక్కువైనా ఐపీఎస్ ఫుల్ హెచ్‌డీదే తీసుకో. ఎక్సెల్‌లో జీఎస్టీఆర్-2బీ (కొనుగోళ్ల మీద వచ్చే క్రెడిట్ జాబితా) తెరిచినప్పుడు ఎన్ని కాలమ్స్ ఒకేసారి కనిపిస్తాయన్నదే మన కళ్లకూ మన సమయానికీ ముఖ్యం.

మీ ఆఫీసులోని డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ పెద్ద యూఎస్‌బీ రకానిదే అయి ఉంటుంది. కొత్తగా వచ్చే సన్నటి ల్యాప్‌టాప్‌లు కొన్ని టైప్-సీ పోర్టులతో మాత్రమే వస్తున్నాయి. నేను చెప్పిన మోడళ్లలో పెద్ద యూఎస్‌బీ ఉంది, హెచ్‌డీఎంఐ కూడా ఉంది. ఆఫీసులో మానిటర్‌కి తగిలించుకుంటే పగలంతా చిన్న స్క్రీన్ బాధ ఉండదు. నంబర్ ప్యాడ్ లేకపోవడం ఒక్కటే మన వృత్తివాళ్లకు నిజమైన లోటు. విడిగా యూఎస్‌బీ నంబర్ ప్యాడ్ కొనుక్కుని ఆఫీసు డ్రాయర్‌లో పెట్టుకో, ఓచర్లు కొట్టేటప్పుడు వేగం పోదు. తెలుగులో నోటీసులకు జవాబులు రాయాల్సి వస్తే విండోస్‌లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది, వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

చార్జర్ సంగతి. ఈ మోడళ్లు టైప్-సీతో చార్జ్ అవుతాయి. పీడీ (పవర్ డెలివరీ) అని రాసి ఉండి, కనీసం 45 వాట్లు ఇచ్చే చార్జర్ ఒకటి కొంటే ఫోనుకూ ల్యాప్‌టాప్‌కూ అదే చాలు. ఫోన్‌తో వచ్చిన ఫాస్ట్ చార్జర్ మీద ఎక్కువ వాట్లు రాసి ఉన్నా, అన్నీ ల్యాప్‌టాప్‌కు పనిచేయవు. షాపులోనే తగిలించి చూడు, అక్కడే టైప్-సీ పోర్టు వదులుగా ఉందేమో కూడా తెలుస్తుంది.

దుమ్ము గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఇది నాకు దగ్గరి విషయం. చీమకుర్తిలో కటింగ్, పాలిషింగ్ జరిగే చోట గాలిలో సన్నటి రాతి పొడి ఎప్పుడూ ఉంటుంది. గ్యాలక్సీ రాయి చూడ్డానికి నలుపే, కోసినప్పుడు లేచే పొడి మాత్రం తెల్లబూడిద రంగు. మా ఆఫీసు ల్యాప్‌టాప్ ఒకటి వేడెక్కి తనంతట తానే ఆగిపోతుంటే కింది మూత విప్పించాను. ఫ్యాన్ పక్కన వేడి బయటికి పోవాల్సిన రాగి రేకుల మధ్య ఆ పొడి చిన్న కంబళి ముక్కలా అట్టకట్టి ఉంది. టెక్నీషియన్ బ్రష్‌తో దులిపి, ప్రాసెసర్ మీద కొత్త పేస్ట్ రాశాడు, మళ్లీ మామూలుగా నడిచింది. అప్పటి నుంచి క్వారీల వైపు వెళ్లేటప్పుడు ఫ్యాన్ లేని చిన్న ల్యాప్‌టాప్ తీసుకెళ్తున్నాను. ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉన్నది. ఆరు వాట్ల ప్రాసెసర్ కాబట్టి ఫ్యాన్ లేకుండానే నడుస్తుంది, లోపలికి దుమ్ము పీల్చుకునే దారి ఉండదు. చిన్న కొత్త ల్యాప్‌టాప్‌లన్నీ చెత్త అని నేను అనకపోవడానికి కారణం అదే. నువ్వు కూడా రైస్ మిల్లులకో, ఇటుక బట్టీలకో స్టాక్ ఆడిట్‌కు తరచూ వెళ్లాల్సి వస్తే అలాంటిది ఆలోచించు. మామూలు ఆఫీసు పనికైతే ఫ్యాన్ ఉన్నది తీసుకుని ఏడాదికోసారి శుభ్రం చేయిస్తే చాలు.

ఎక్కడ కొనాలంటే, చెన్నై రిచ్చీ స్ట్రీట్‌లో రకాలు ఎక్కువ, బేరం కూడా ఆడొచ్చు. నెల్లూరు నుంచి చాలామంది వెళ్తారు. కానీ వారంటీ సమస్య వస్తే మళ్లీ ఒక రోజు సెలవు, రానుపోను ఖర్చు. నెల్లూరులోనే అదే మోడల్ వెయ్యి, పదిహేను వందల తేడాతో దొరికితే అక్కడే తీసుకోమంటాను. బిల్లు మీద సీరియల్ నంబర్, వారంటీ ఎన్ని నెలలో రాయించుకో. ఇంకో మాట, ఇది చదివే వ్యాపారస్తుల కోసం: పాత సామాను అమ్మే డీలర్ మార్జిన్ స్కీమ్‌లో (కొన్న ధరకూ అమ్మిన ధరకూ ఉన్న తేడా మీదే పన్ను కట్టే పద్ధతిలో) బిల్లిస్తే ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ రాదు. కొత్త ల్యాప్‌టాప్ మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది, అది క్రెడిట్ తీసుకోవచ్చు. వ్యాపారం పేరున కొనేవాళ్లు ఆ తేడా కూడా లెక్కేసుకోవాలి. నీకు జీతమే కాబట్టి ఆ లెక్క అక్కర్లేదు.

షాపువాళ్లు ఉచితంగా ఎక్కించే ఆఫీస్ సాఫ్ట్‌వేర్ తీయించెయ్యి, అది దొంగ కాపీ. జీఎస్టీఆర్-9 (వార్షిక రిటర్న్) ఆఫ్‌లైన్ యుటిలిటీ లాంటివి మ్యాక్రోలున్న ఎక్సెల్ ఫైళ్లు, వాటికి అసలైన ఎక్సెలే కావాలి. మీ ఆఫీసు లైసెన్స్ ఉందేమో సార్‌ని అడుగు.

ఇంట్లో పెద్దవాళ్లు సెకండ్ హ్యాండ్ వద్దే వద్దంటే, 14 అంగుళాల కొత్తది చూడు. ఐ3-1215యూ లేదా రైజెన్ 3 7320యూ, 8 జీబీ, ఎస్ఎస్‌డీ ఉంటే నీ పనికి చాలు. 7320యూ ఉన్నవాటిలో ర్యామ్ తర్వాత పెంచుకోలేం, అది గుర్తుంచుకో. 2025 చివరి నుంచి ర్యామ్, ఎస్ఎస్‌డీల రేట్లు పెరిగాయి కాబట్టి ముప్పై వేలు దాటొచ్చు.

షాపులో ఏదైనా నచ్చితే మోడల్, ప్రాసెసర్ పూర్తి పేరు, బ్యాటరీ రిపోర్ట్‌లోని ఆ రెండు అంకెలు ఇక్కడ కింద పెట్టు. తొమ్మిది తర్వాత ఖాళీగా ఉంటాను, చూసి ఆ ధరకు తగినదో కాదో చెబుతాను.